గోడ పక్కన కారం మిల్లు

కారం మిల్లు బాబాయి పోయాడని స్టాఫ్ రూములో మా సైన్సు టీచరు చెప్పింది. టిఫిన్ బాక్సు మూత తీస్తూ, "అదే మేడం, హెల్మెట్ ఆయన" అని గుర్తు చెప్పి నవ్వు ఆపుకుంది. నాకు ఒళ్ళు మండింది. మనిషి పోయాడని చెప్పేటప్పుడైనా ఆ సంగతి పక్కన పెట్టొచ్చు కదా. కానీ ఆమెను అని ఏం లాభం? సత్తెనపల్లిలో సగం మందికి ఆయన అలాగే గుర్తు. అసలు పేరు నాకూ తెలియదు. పర్చూరు నుంచి బదిలీ మీద ఈ ఊరు వచ్చిన కొత్తలో, ఆవకాయకి కారం ఎక్కడ కొట్టిస్తారని పక్కింటావిడను అడిగితే "బాబాయి దగ్గరికెళ్ళండి" అంది. అప్పట్నుంచి నాకూ బాబాయే.

ఆయనంత పిరికి మనిషిని నేను చూడలేదు. ఇది నేను వేస్తున్న నింద కాదు, ఆయనే చెప్పుకునేవాడు. "నాకు భయం ఎక్కువమ్మా, మా అమ్మ నుంచి వచ్చింది" అనేవాడు, షుగరు వచ్చిందని చెప్పినంత మామూలుగా. మెయిన్ రోడ్డు దాటాలంటే ఇటు చూసి, అటు చూసి, మళ్ళీ ఇటు చూసి, చివరికి ఎవరైనా దాటుతుంటే వాళ్ళ చాటున దాటేవాడు. ఉరిమితే కొట్టు మూసేసి ఇంటికెళ్ళి, గోనెపట్టా మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడట. ఇక మోటారు ఆన్ చేయడం చూసి తీరాలి. రబ్బరు చెప్పులు తొడుక్కుని, చెక్క పీట ఎక్కి, మొహం పక్కకి తిప్పేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక కర్రముక్కతో బటన్ నొక్కేవాడు. జీవితమంతా అదే మోటారు, అదే బటన్. అయినా రోజూ మొదటిసారి నొక్కుతున్నట్టే ఉండేది. "ఎందుకైనా మంచిది" అన్నది ఆయన ఊతపదం. ఎర్రటి ఎండలో గొడుగు తెచ్చుకున్నా ఎందుకైనా మంచిదే, నా స్కూటీకి స్టాండు సరిగ్గా వేశానో లేదో వంగి చూసినా ఎందుకైనా మంచిదే.

ఆయన వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ కారం ఇంకిపోయి ఉండేది. ఎంత కడిగినా పోయేది కాదు. అందుకని ఎవరినీ అరచేత్తో ముట్టుకునేవాడు కాదు. పిల్లలు ముద్దొస్తే మోచేత్తో భుజం మీద తట్టేవాడు. కన్ను దురద పెడితే చొక్కా భుజానికేసి రుద్దుకునేవాడు. మా అమ్మాయి చిన్నప్పుడు ఆయనకు చేతులు సరిగ్గా పనిచేయవేమో అనుకుని జాలిపడింది. ఆ ఘాటులో మేమంతా ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకుని దగ్గుతుంటే, ఆయన మాత్రం పూలకొట్లో ఉన్నట్టు ఉండేవాడు. ఆయన దగ్గగా నేను వినలేదు, ఒక్క రోజు తప్ప.

మిల్లంటే ఎత్తయిన రేకుల షెడ్డు. లోపల వరసగా ఇనుప రోకళ్ళు, వాటి కింద రోళ్ళు. మోటారు వేస్తే రోకళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లేచి పడేవి. నేల దడదడలాడేది. కూర్చున్న బల్ల అదిరేది, బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికేవి, మాట్లాడితే మన గొంతు మనకే గజగజలాడుతూ వినపడేది. ఆ అదురుకి మేమంతా అలవాటు పడిపోయాం. తర్వాత వచ్చిన చిక్కులో సగం ఆ అలవాటువల్లే.

మా వైపు ఏడాదికి సరిపడా కారం ఒకేసారి కొట్టించుకుంటాం. కొత్త మిరపకాయలు కొని, తొడిమలు తీసి, పిడికిట్లో నలిపితే గలగలలాడేదాకా డాబా మీద ఎండబెట్టి, ఆ వేడి మీదే మిల్లుకి పట్టుకెళ్ళాలి. కొట్టినంతసేపూ పక్కనే కూర్చోవాలి. మిరపకాయలు మిల్లులో వదిలేసి వెళ్ళే ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. వదిలితే మంచి కాయలు తీసేసుకుని, రంగు పోయి తెల్లబడిన తాలు కాయలు కలిపేస్తారని అనుమానం. ఆ అనుమానానికి బాబాయి తన కొట్లో చోటివ్వలేదు. షెడ్డు ముందు సొంత చేత్తో రాసిన బోర్డు పెట్టాడు, "మీ మిరపకాయలు, మీ కళ్ళ ముందే" అని. ఎవరైనా తొందరపడి, ఇక్కడ పెట్టి మార్కెట్టుకెళ్ళొస్తానంటే ఆయనే ఒప్పుకునేవాడు కాదు. "కూర్చోండమ్మా. రేపు కూర ఎర్రగా రాకపోతే నన్ను తిట్టుకుంటారు" అనేవాడు. అందుకే చుట్టుపక్కల పల్లెల నుంచే కాదు, ఒక్కోసారి వినుకొండ నుంచి కూడా బస్సులో బస్తా వేసుకుని వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఎడమవైపు గోడవారగా పొడుగాటి బల్ల వేశాడు. మధ్యాహ్నం ఎండ తగలని వైపు అదే.

ఆ గోడ అవతలి ఖాళీ స్థలంలోనే షాపింగ్ కాంప్లెక్సుకని సెల్లారు తవ్వడం మొదలుపెట్టారు.

సరిగ్గా మిరపకాయల సీజను మొదట్లో మట్టి తవ్వే ప్రొక్లెయిన్ దిగింది. సందు మొగలో ఇసుక పోశారు. దాని పక్కన కంకర, కంకర మీద ఇనుప చువ్వలు. ఆటోలు లోపలికి రావు. బస్తాలు నెత్తిన పెట్టుకుని ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ రావాలి. దుమ్ము కారంలో పడకుండా బాబాయి గుమ్మానికి తడి గోనెసంచులు వేలాడదీశాడు. ఆయన భార్య, మేమంతా పిన్ని అంటాం, అవి ఆరకుండా నీళ్ళు చల్లుతూ ఉండేది. అంతవరకైతే ఓర్చుకోవచ్చు. కానీ ఆ గోడ సిమెంటుది కాదు, ఆయన తండ్రి ఎప్పుడో మట్టి అడుసుతో కట్టించిన ఇటుక గోడ. అవతల గొయ్యి లోతయ్యేకొద్దీ ఇవతల బాబాయి మొహం పాలిపోతూ వచ్చింది.

ఆ రోజుల్లో ఆయనకు కొత్త అలవాటొకటి పట్టుకుంది. కొడుతూ కొడుతూ ఉన్నట్టుండి మోటారు ఆపేసి, బల్ల మీద గ్లాసులో నీళ్ళకేసి చూసేవాడు. రోకళ్ళు ఆగినా నీళ్ళు ఇంకా వణుకుతుంటే "చూశారా, చూశారా" అని గొంతు తగ్గించి అనేవాడు, గట్టిగా అంటే గోడ వింటుందేమో అన్నట్టు. ఆడవాళ్ళకి విసుగొచ్చేది. "ఏంది బాబాయ్, కాయలు చల్లారిపోతుంటే నీళ్ళల్లో ఏం చూస్తన్నావ్?" అని ఒకావిడ గద్దించింది. ఆ వణుకు నేనూ చూశాను. ఆ మిల్లులో వణకనిదేదని, చూసి ఊరుకున్నాను.

ఒకరోజు ఆయన నన్ను పక్కకి పిలిచి, "టీచరమ్మా, మీరు చదువుకున్నవాళ్ళు, కాస్త వాళ్ళతో మాట్లాడదాం రండి" అన్నాడు. ఇద్దరం వెళ్ళాం. ఆయన కరెంటు స్తంభం దగ్గరే ఆగిపోయాడు, గొయ్యి దగ్గరికి రానన్నాడు. మళ్ళీ ఆ స్తంభాన్ని ముట్టుకోడానికీ భయమే, దానికి కాస్త దూరంగా నిలబడ్డాడు. నేను ముందుకెళ్ళి తొంగి చూశాను. చిగుళ్ళు జారిపోయిన పళ్ళలాగా పునాది ఇటుకలు బయటికి కనపడుతున్నాయి. నేను చూస్తుండగానే ఇంత మట్టి పొడిపొడిగా రాలి కిందకి జారింది. ఆ ఇటుకలకి ఇవతలే కదా మేమంతా కాళ్ళు జాపుకుని కూర్చుని ఊసులాడుకుంటాం. అప్పుడు వేసింది నాకు భయం.

సైటు సూపర్వైజరు కుర్రవాడు, చేతిలో ఫోను. "మాదేం లేదండీ, ఓనరు గారితో మాట్లాడుకోండి. అయినా మా తవ్వకానికి ఏం కాదు. ఆయన మిషను దడకే గోడ ఊగుతోంది. ఒక నెల ఆపుకోమనండి" అన్నాడు.

"నెల ఆపితే ఆయన సీజను పోతుంది బాబూ."

"మేం ఆపితే మాకు పోదాండీ?" అని ఫోనెత్తుకుని అవతలికి వెళ్ళిపోయాడు.

ఆ మాట బాబాయికి చెప్పకపోయినా పోయేది. మిల్లు గుమ్మం దగ్గరికి వచ్చాక, "అతనన్నది నిజమేనేమోనమ్మా. రేపు ఏదన్నా అయితే నా రోకళ్ళే చేసినట్టవుతుంది" అన్నాడు.

"అయితే కొన్నాళ్ళు ఆపెయ్యండి బాబాయ్."

"ఆపితే వీళ్ళంతా ఎక్కడికి పోతారు? బైపాసు వైపు కొత్త మిల్లు పెట్టారు. ఒక్క ఏడాది అటు మరిగితే మళ్ళీ ఈ సందు మొహం చూడరు. నాకు ఇది తప్ప ఇంకోటి రాదు కదమ్మా."

మర్నాటికి గోడవార బల్ల లేదు. సందుకి అటువైపు, మూసేసిన కొట్టు ముందు వేసి పైన గోనెపట్టా కట్టాడు. వచ్చినవాళ్ళ చేతిలో బస్తా అందుకుని, "మీరు అక్కడ కూర్చోండమ్మా, నేను కొట్టి తెస్తాను" అనడం మొదలుపెట్టాడు. గుమ్మానికి గోనెసంచులు వేలాడుతున్నాయి. బల్ల మీద నుంచి చూస్తే లోపల ఏమీ కనపడదు.

మొదటిరోజే గొడవైంది. "మా కాయలు మేం చూడకుండా ఎట్టా కొడతావు?" అంది ఒకావిడ.

"గోడ బాగాలేదమ్మా. లోపల కూర్చోవద్దు."

"గోడ బాగాలేకపోతే మరి నువ్వెట్టా ఉంటావు లోపల?"

"ఎందుకైనా మంచిదని" అని నసిగాడు. ఆమె బస్తా లాక్కుని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ ఒక్కరినీ కదలనివ్వని మనిషి ఇప్పుడు లోపలికే రావద్దంటుంటే జనం ఏమనుకుంటారు? తాలు కలుపుతున్నాడన్నారు. సంచులు పక్కకి జరిపి చూపిస్తే సిమెంటు దుమ్ము వచ్చి జల్లెడలో పడేది, వేలాడదీస్తే మళ్ళీ అనుమానం. రెండురోజులు జరిపి, వేసి, జరిపి, వేసి, ఆయన అలిసిపోయాడు. బస్తాలు తగ్గిపోయాయి. పొద్దున్నుంచీ కొట్టు ముందు పిన్ని ఒక్కతే వెల్లుల్లి ఒలుచుకుంటూ కనపడేది.

అప్పుడే ఆయన హెల్మెట్ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. సైకిలు తొక్కడం కూడా రాని మనిషి. ఎవరి దగ్గర సంపాదించాడో, అద్దం విరిగిన నల్ల హెల్మెట్, లోపల తలకి తుండుగుడ్డ చుట్టుకుని దాని మీద పెట్టుకునేవాడు. ఆ ఎండల్లో, ఆ ఘాటులో, రేకుల కింద. మెడ మీద నుంచి చెమట కారి చొక్కా వీపుకి అతుక్కుపోయేది. ఎవడో ఫోనులో వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. ఊరంతా నవ్వుకుంది. ఆయనకూ చూపించారు. "నిజమే కదమ్మా, నవ్వొచ్చేట్టే ఉన్నాను" అన్నాడు నాతో.

"మరి మీకు భయం లేదా బాబాయ్, లోపల?" అని అడిగాను.

"చచ్చేంత ఉంది. కానీ కాయలు వాటంతటవి దంచుకోవుగా."

ఒక ఆదివారం నా కాయలు, కారం పోసుకోడానికి స్టీలు బేసిన్ పట్టుకెళ్ళాను. ముందురోజు సాయంత్రం అకాల వాన పడింది. గొయ్యి అడుగున ఎర్రటి నీళ్ళు నిలిచాయి. బాబాయి నా బస్తాకేసి చూసి, గోడకేసి చూసి, "ఇవ్వాళ ఎట్లా ఉంటుందోనమ్మా" అన్నాడు. రేపొస్తానన్నాను. ఆయన కాసేపు ఆలోచించాడు. ఆ వారంలో వేరే బస్తా వచ్చినట్టు లేదు. "వచ్చారుగా, ఇవ్వండి" అని మోచేత్తో సంచి పక్కకి నెట్టుకుని లోపలికెళ్ళిపోయాడు. రోకళ్ళు మొదలయ్యాయి. నేనూ పిన్నీ బల్ల మీద కూర్చున్నాం. పిన్ని తన చెల్లెలి కూతురి కాన్పు సంగతేదో చెబుతోంది.

ముందు రోకళ్ళ వరస తప్పింది. ఒక దెబ్బ పడలేదు, తర్వాతది పడలేదు. ఆ వెంటనే పెద్ద బస్తా కింద పడ్డట్టు మెత్తటి చప్పుడు. అంత పెద్ద శబ్దమేం కాదు. మోటారు ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. రేకు మీద నుంచి ఏవో టపటపా రాలుతున్నాయి. గోనెసంచుల సందుల్లో నుంచి ఎర్రటి దుమ్ము బయటికి వచ్చింది.

పిన్ని లేచి నిలబడింది. ఒళ్ళోని వెల్లుల్లి అంతా సందులో దొర్లింది. "ఏవండీ" అని పిలిచింది. లోపలి నుంచి పలుకు లేదు. మళ్ళీ పిలిచింది. నేను గుమ్మం దాకా పరిగెత్తి సంచి పక్కకి లాగాను. కారం మొహానికి కొట్టింది. కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి అందలేదు, గొంతులో నిప్పు పోసినట్టయింది. లోపల ఏమీ కనపడటం లేదు, ఎర్రగా పొగ, ఆ పొగలో ఇటుకలు ఇంకా ఒక్కొక్కటీ పడుతున్న చప్పుడు. పిన్ని నన్ను నెట్టుకుని లోపలికి వెళ్ళబోయింది. నేను ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగాను. ఆమె పెనుగులాడింది. ఆ ఊపుకి ఇద్దరం ఇసుకలో కూలబడ్డాం. ఆయన పోయాడనే అనుకున్నాను. పోయాడని నాకు నేను చెప్పుకుంటున్నాను, పిన్నికి ఎలా చెప్పాలా అని కూడా ఆలోచిస్తున్నాను.

అప్పుడు దగ్గు వినపడింది.

మోకాళ్ళ మీద పాకుతూ వచ్చాడు. హెల్మెట్ నిండా మట్టి. ఒక చేత్తో నా స్టీలు బేసిన్ గుండెకి ఆనించి పట్టుకున్నాడు. ఇసుక మీదికి వచ్చి కూర్చుని దగ్గాడు, దగ్గాడు, కళ్ళల్లో నుంచి నీళ్ళు కారి మొహం మీద చారలు కట్టాయి. పిన్ని ఆయన తలమీది హెల్మెట్ పీకి అవతల పారేసి, రెండు చేతులతో వీపు మీద కొడుతూ ఏడ్చింది. "మీకు ఏమన్నా అయితే నేనేం కావాలి? ఎవరికోసం ఈ కొట్టుడు?" అంది. ఆయన బేసిన్ నావైపు జరిపాడు.

"ఇది వాడకండమ్మా. గోడ మట్టి పడింది. మీరు చూడలేదుగా, అందుకని చెబుతున్నా."

అది చెప్పాకే ఆయనకు వణుకు మొదలైంది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చుట్టూ మనుషులు చేరారు, మంచినీళ్ళు పట్టారు, దుప్పటి కప్పారు. ఆ ఎండలో దుప్పటి కప్పుకుని ఆయన వణుకుతూనే ఉన్నాడు. దుమ్ము సద్దుమణిగాక నేను గుమ్మంలో నుంచి చూశాను. గోడ అడుగుభాగం గొయ్యిలోకి జారిపోయి, పైభాగం లోపలికి విరుచుకుపడింది. ఇదివరకు బల్ల ఉండే చోట నడుమెత్తు ఇటుకలు. దాని మీద విరిగిన రేకులు. మామూలు ఆదివారమైతే అక్కడ బల్లమీద చోటు దొరికేది కాదు. నేను చూసి, బయటికొచ్చి, కాంప్లెక్సు వాళ్ళ ఇసుక మీదే వాంతి చేసుకున్నాను.

ఆ తర్వాత తాలు మాట ఎత్తినవాళ్ళు లేరు. కాంప్లెక్సు వాళ్ళు మారు మాట్లాడకుండా సిమెంటు గోడ కట్టించారు, కొత్త రేకులు వేయించారు. మోటారు బాగు చేయించారు. మరుసటి సీజనుకి సందు శుభ్రంగా ఉంది, ఆటోలు గుమ్మం దాకా వచ్చాయి. బైపాసు మిల్లుకి మరిగినవాళ్ళు కూడా తిరిగొచ్చారు. నేను వెళ్ళేటప్పటికి గుమ్మం ముందు బస్తాలు వరసగా ఉన్నాయి. ఆడవాళ్ళు అప్పుడే లోపలికెళ్ళి, మళ్ళీ గోడవార వేసిన బల్ల మీద సర్దుకుంటున్నారు. "కానియ్ బాబాయ్, ఎండెక్కుతంది" అని ఒకావిడ కేకేసింది.

ఆయన రబ్బరు చెప్పులు తొడుక్కున్నాడు. పీట ఎక్కాడు. కర్రముక్క పైకెత్తి మొహం పక్కకి తిప్పుకున్నాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడో. కర్ర కొస బటన్ ముందు ఊగుతూనే ఉంది, దాన్ని తాకలేదు. మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పిన్ని తల తిప్పేసుకుంది. ఆయన కళ్ళు తెరిచి, బల్ల మీద కూర్చున్నవాళ్ళందరినీ ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు. చూసి, పీట దిగి, బయటికొచ్చి కూర్చున్నాడు.

ఆడవాళ్ళు కాసేపు చూసి, ఒకరి తర్వాత ఒకరు బస్తాలెత్తుకున్నారు. అందరూ వెళ్ళాక నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"గోడ గట్టిదేగా బాబాయ్ ఇప్పుడు."

"గోడ గట్టిదేనమ్మా. నాదే అయిపోయింది. ఉన్న కాస్త ధైర్యమూ పోయినేడాదే వాడేశాను."

నవ్వుతాడేమో అని మొహంలోకి చూశాను. నవ్వలేదు. లేచి నా బస్తా మూతి గట్టిగా కట్టాడు, రెండు మోచేతుల మధ్య ఇరికించుకుని తెచ్చి స్కూటీ ముందు పెట్టాడు. స్టాండు తీసేదాకా బండి పట్టుకున్నాడు.

"బైపాసు మిల్లుకి వెళ్ళండి. వాళ్ళేమనుకున్నా సరే, దగ్గరుండి కొట్టించుకోండి. కాకపోతే గోడవార కూర్చోకండమ్మా. తలుపు దగ్గర ఉండండి."

కొత్త మిల్లులో గోడవారగా కుర్చీలు వేసి ఉన్నాయి, పైన ఫ్యాను తిరుగుతోంది. కూర్చోండి మేడం అని వాళ్ళు రెండుసార్లు అన్నారు. నా కారం అయ్యేదాకా నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.